నాటకం చూడబోయే సాయంత్రం ఏం కట్టుకోవాలి
(హన్మకొండలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

నాటకం గురించి మాట్లాడమంటే ఎవరైనా నటుల గురించో, రచన గురించో, రంగాలంకరణ గురించో మాట్లాడతారు. నిర్వాహకులు మాత్రం నన్ను ప్రేక్షకుల బట్టల గురించి మాట్లాడమని అడిగారు. అలా అడిగినందుకు వారికి నా కృతజ్ఞతలు. భరతుడి నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, సాత్త్వికం, ఆహార్యం అని నాలుగుగా విభజించి, నటులు ధరించే బట్టలను, నగలను, వేసుకునే రంగులను అభినయంలో ఒక భాగంగానే లెక్కించింది. వేదిక మీది వాళ్ల బట్టలకు అంత విలువ ఉన్నప్పుడు, వేదికకు ఎదురుగా రెండు మూడు గంటలు కూర్చునేవాళ్ల బట్టలతో ఆ ప్రదర్శనకు సంబంధమే లేదనుకోవడం సరికాదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నాటకానికి వేసుకునే బట్ట రెండు పనులు చేయాలి. హాలులో దీపాలు వెలుగుతున్నంతసేపు మనం నలుగురిలో అందంగా, హుందాగా కనిపించాలి. దీపాలు ఆరిన క్షణం నుంచి ఆ బట్ట మనకూ గుర్తుకు రాకూడదు, మన చుట్టూ ఉన్నవాళ్లకూ గుర్తుకు రాకూడదు. మొదటి పనిని బీరువాలో ఉన్న చాలా బట్టలు చక్కగా చేస్తాయి. రెండో పని చేయగలిగినవి కొన్నే ఉంటాయి. అందుకే ఎంపికను రెండో పనితో మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ చీకటి మనం అనుకున్నంత పాతది కాదు. ఐరోపాలో పందొమ్మిదో శతాబ్దం చాలావరకు గడిచేదాకా నాటకశాలల్లో ప్రదర్శన జరుగుతున్నప్పుడు కూడా ప్రేక్షకుల వైపు దీపాలు వెలుగుతూనే ఉండేవి. సంపన్నులు నాటకం చూడటానికి ఎంత వచ్చేవారో, తమను నలుగురూ చూడటానికీ అంతే వచ్చేవారు. జర్మనీలోని బైరూత్‌లో 1876లో తెరిచిన తన నాటకశాలలో సంగీత నాటకాల రచయిత వాగ్నర్ ప్రేక్షకుల వైపు దీపాలను తగ్గించి, అందరి చూపునూ వేదిక వైపు తిప్పాడు. 1881లో లండన్‌లోని సవాయ్ థియేటర్‌కు విద్యుద్దీపాలు వచ్చాయి. దీపాలను ఒక్కసారిగా ఆర్పడం, వెలిగించడం తేలికైన కొద్దీ చీకట్లో కూర్చుని నాటకం చూడటం అన్నిచోట్లా అలవాటుగా మారింది. ఆ కాలంలోనే అమెరికాలో ఆడవాళ్లు పెట్టుకునే పెద్ద పెద్ద టోపీలు వెనక వరుసలవాళ్లకు వేదికను కనిపించనివ్వడం లేదని గొడవలై, 1890ల్లో కొన్ని నగరాలు నాటకశాలలో టోపీ తీసేయాలని నిబంధనలు కూడా పెట్టాయి. వెనక కూర్చున్నవాడికి అడ్డం రాకూడదన్న మర్యాద అక్కడ చట్టం దాకా వెళ్లింది.

మన దగ్గర ఈ కథ వేరుగా నడిచింది. ఒగ్గుకథ, చిందు భాగవతం వంటి జానపద ప్రదర్శనలు ఊరి నడుమ, గుడి ముందర, కాగడాల వెలుగులోనో పెట్రోమాక్స్ దీపాల వెలుగులోనో జరిగేవి. కళాకారుడి మీద పడే వెలుగే ముందు వరుసలో కూర్చున్న పిల్లల ముఖాల మీద కూడా పడేది. అక్కడ ప్రేక్షకుడికి చీకటి లేదు, కుర్చీ లేదు, చల్లటి గాలి యంత్రం లేదు. కాబట్టి ఆ ప్రదర్శనకు పనికివచ్చే బట్ట వేరు, ఈనాటి మూసిన హాలుకు పనికివచ్చే బట్ట వేరు. మన ఓరుగల్లు ప్రేక్షకుడికి ఈ రెండూ తెలియాలి. ఎందుకంటే 2024 నవంబరులో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రంలో ఒక వారం నాటకం చూసి, మరో వారం రామప్ప గుడి ఆవరణలో పేరిణి నృత్యం చూసే అవకాశం మనకు ఉంది.

ముందుగా హాలు సంగతి చూద్దాం. మే నెలలో మన జిల్లాల్లో పగటి ఎండ 42 డిగ్రీలు దాటడం కొత్త కాదు. సాయంత్రం ఆరున్నరకు ఇంటి నుంచి బయలుదేరినప్పుడు గాలి ఇంకా వేడిగానే ఉంటుంది. ఆ వేడికి తగ్గట్టు మనం పల్చటి బట్ట వేసుకుంటాం. చెమటతో తడిసిన ఆ బట్టతోనే ఏసీ హాలులోకి వెళతాం. నూలు బట్ట చెమటను పీల్చుకుంటుంది, అది దాని మంచి గుణం. అయితే పీల్చుకున్న తడిని అది త్వరగా వదలదు. తడిసిన నూలు చల్లటి గాలికి వీపు మీద మంచులా తగులుతుంది, మొదటి అంకం పూర్తి కాకముందే మనిషి వణకడం మొదలుపెడతాడు. ఆ వణుకులో నాటకం ఎంత గొప్పదైనా మనసుకు ఎక్కదు. దీనికి పరిష్కారం మందపాటి బట్ట వేసుకోవడం కాదు. లోపల పల్చటి నూలు వేసుకుని, పైన తేలికగా కప్పుకోవడానికీ తీసేయడానికీ వీలైనది ఒకటి వెంట తెచ్చుకోవడం. ఆడవాళ్లకైతే వెడల్పాటి చున్నీ లేదా సన్నటి శాలువా, మగవాళ్లకైతే కండువా చాలు. హాలులోకి వెళ్లేముందు ఐదు నిమిషాలు వరండాలో నిలబడి చెమట ఆరనివ్వడం కూడా ఈ లెక్కలోదే. అందుకే పదిహేను నిమిషాలు ముందు రమ్మని నేను అందరికీ చెబుతుంటాను.

పాలియెస్టర్ గురించి నన్ను తరచుగా అడుగుతారు. అది ముడతలు పడదు, ఉతకడం తేలిక, ఖరీదు తక్కువ, ఇవన్నీ నిజమే. అయితే అది చెమటను పీల్చుకోదు. ఒంటికి అతుక్కుని ఉక్కపోస్తుంది, మనిషి కుర్చీలో అటూ ఇటూ కదులుతూనే ఉంటాడు. కదిలే ప్రేక్షకుడు వెనకవాడికి ఎంత ఇబ్బందో వేరే చెప్పనక్కర లేదు. లినెన్ వేసవికి చాలా మంచిదే కానీ, గంట కూర్చుని లేచేసరికి ఒడిలోనూ మోకాళ్ల వెనకా గట్టి ముడతలు పడి, విరామంలో నలుగురిలోకి వెళ్లడానికి మనసొప్పదు. ఆ ముడతలను పట్టించుకోని స్వభావం ఉన్నవాళ్లు నిశ్చింతగా వేసుకోవచ్చు.

ఇప్పుడు చప్పుడు సంగతికి వస్తాను, ఈ విషయం మీద కాస్త ఎక్కువసేపు నిలబడనివ్వండి. నాటకంలో మాట ఎంత ముఖ్యమో మౌనం అంత ముఖ్యం. నటి ఒక వాక్యం సగంలో ఆపి, ఎదుటి పాత్ర వైపు చూసి, ఊపిరి పీల్చుకునే ఆ రెండు క్షణాల కోసం ఆమె నెలల తరబడి సాధన చేసి ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలో మూడో వరుసలో డజను గాజులు గలగలమంటే ఆమె సాధన అంతా కొట్టుకుపోతుంది. మన ఆడవాళ్లు గాజులు వేసుకోకుండా పండుగకు వెళ్లరు, నాటకం కూడా ఒక పండుగే, వేసుకోవద్దని నేను అనను. మట్టి గాజులు చేతికి ఆరేసి కాకుండా రెండేసి వేసుకుని, వాటికి అటూ ఇటూ మణికట్టుకు సరిపోయే బిగుతైన కంకణాలు వేసుకుంటే గాజులు కదలవు. లేదా ఒక చేతికి గాజులు, మరో చేతికి గడియారం. మువ్వల పట్టీలు ఆ సాయంత్రానికి ఇంట్లో ఉంచి, మువ్వలు లేని గొలుసు పట్టీలు పెట్టుకోవచ్చు. మన కరీంనగర్ వెండి తీగ పని, 2007లో భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన ఆ ఫిలిగ్రీ, ఇక్కడ చక్కగా పనికివస్తుంది. చెవులకు పెట్టుకున్న చిన్న వెండి కమ్మలు చప్పుడు చేయవు, బరువు లాగవు, దీపాల వెలుగులో సన్నగా మెరుస్తాయి. ఆ పని మన పొరుగు జిల్లాదని పక్కన కూర్చున్నవాళ్లకు గర్వంగా చెప్పుకోవచ్చు.

గాజులు, పట్టీల చప్పుడు అందరికీ తెలిసిందే. బట్ట చేసే చప్పుడు చాలామందికి తట్టదు. బాగా గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నూలు చీర నిలబడినప్పుడు ఎంత ఠీవిగా ఉంటుందో, కూర్చుని కాలు మార్చినప్పుడల్లా అంతగా గరగరలాడుతుంది. టిష్యూ, ఆర్గంజా చీరలది కూడా అదే గుణం. గంజి చీర మీద మమకారం ఉన్నవాళ్లు, నేనూ వాళ్లలో ఉన్నాను, ఒకసారి కట్టి మడత విరిగిన చీరను రెండోసారి నాటకానికి కట్టుకోవడం మేలు. అప్పటికి గంజి కాస్త చల్లారి, బట్ట ఒంటికి ఒదుగుతుంది, ఠీవి మాత్రం తగ్గదు. కొనేటప్పుడు చేత్తో బట్టను చెవి దగ్గర నలిపి చూడండి. దుకాణంలో వినిపించే చప్పుడు నాటకశాల నిశ్శబ్దంలో రెట్టింపు వినిపిస్తుంది.

మెరుపుది మరో రకం ఇబ్బంది. వేదిక మీద నుంచి వెనక్కి చిందే వెలుగు ముందు నాలుగైదు వరుసల మీద పడుతుంది. చమ్కీలు, అద్దాలు కుట్టిన బట్ట అక్కడ ఉంటే చిన్న చిన్న వెలుగు మచ్చలు పక్కవాళ్ల కళ్లలో ఆడుతుంటాయి. నటులకు కూడా అది కనిపిస్తుంది. జరీ అంచుతో ఇంత ఇబ్బంది ఉండదు, ఎందుకంటే జరీ వెలుగును చెదరగొట్టి మెత్తగా మెరుస్తుంది. చమ్కీ మాత్రం అద్దంలాగే వెలుగును తిప్పికొడుతుంది. చేతి గడియారం తెర దానంతట అదే వెలిగే రకమైతే లోపలికి వెళ్లేముందు ఆ సదుపాయాన్ని ఆపేయండి, అది కూడా మన వేషంలో భాగమే.

జుట్టు విషయంలో ఒక్క మాట. నడినెత్తి మీద ఎత్తుగా కట్టిన కొప్పు వెనకవాళ్లకు సగం వేదికను మూసేస్తుంది. మెడ మీదకు దింపి కట్టిన ముడి లేదా జడ అందంగానూ ఉంటుంది, ఎవరికీ అడ్డమూ రాదు. తలకు రుమాలు చుట్టుకుని వచ్చే పెద్దలను మాత్రం తీయమని అడగడం నాకు ఇష్టం ఉండదు, వాళ్లకు అది గౌరవం. నిర్వాహకులు వాళ్లను పక్క వరుసల చివర కూర్చోబెడితే సరిపోతుంది. మల్లెపూలు సాయంత్రానికి శోభే కానీ, కిటికీలు లేని హాలులో మూర మల్లెల వాసన, దానికి తోడు అత్తరు కలిస్తే కొందరికి తలనొప్పి వస్తుంది. రెండింటిలో ఒకటే ఎంచుకోండి. నన్నడిగితే మల్లెపూలకే ఓటేస్తాను.

ఇక బట్టల ఎంపికలో నాకు చాలా ఇష్టమైన భాగానికి వచ్చాను, అది మన నేత. ఎక్కడో తయారైన బట్ట కోసం వెతకకుండా మన నేలలోనే నాటకశాలకు తగిన బట్ట ఎంత ఉందో చూడండి. సిద్దిపేట గొల్లభామ చీరను తీసుకుందాం. నూలు నేతలో, తల మీద కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మను అదనపు పేక దారంతో మగ్గం మీదే నేస్తారు. దూరం నుంచి చూస్తే సాదా చీర, దగ్గరికి వస్తే బొమ్మల వరుస. హాలు వరండాలో నలుగురు పలకరించినప్పుడు ఆ చీర గురించే మాట మొదలవుతుంది, లోపల కూర్చున్న తర్వాత అది మెత్తగా, నిశ్శబ్దంగా, తేలికగా ఉండిపోతుంది. నేను చెప్పిన రెండు పనులనూ ఇంత చక్కగా చేసే చీర మరొకటి నాకు కనిపించలేదు.

పోచంపల్లి ఇక్కత్‌ది వేరే అందం. నేయక ముందే దారాన్ని లెక్క ప్రకారం ముడులు కట్టి రంగులో ముంచడం వల్ల, నేసిన తర్వాత డిజైను అంచులు కాస్త చెదిరినట్టు, నీళ్లలో కదిలినట్టు కనిపిస్తాయి. రంగు బట్ట పైన అచ్చు వేసింది కాదు, దారంలోనే ఉంది. కాబట్టి ముందూ వెనకా ఒకేలా ఉంటుంది, చున్నీగా తిరగేసి కప్పుకున్నా తేడా తెలియదు. ఏసీ హాలుకు వెంట తీసుకువెళ్లే చున్నీగా ఇక్కత్‌ను మించింది లేదు. సాదా రంగు సల్వార్ కమీజు మీద, మగవాళ్లయితే తెల్లటి లాల్చీ మీద ఒక్క ఇక్కత్ కండువా వేసుకుంటే ఇంకే అలంకారమూ అక్కర లేదు.

చలికాలపు నాటకాలకు మహాదేవపూర్ టస్సర్‌ను గుర్తుపెట్టుకోండి. అడవిలో మద్ది చెట్ల ఆకు తిని పెరిగే పురుగు ఇచ్చే దసలి పట్టు అది. రంగు వేయకపోయినా సహజంగానే తేనె రంగులో ఉంటుంది. పట్టు ఒంటి వేడిని బయటకు తొందరగా పోనివ్వదు కాబట్టి డిసెంబరు, జనవరి రాత్రుల్లో వెచ్చగా ఉంటుంది. పైగా మల్బరీ పట్టులా నిగనిగలాడదు, మెరుపు అణిగి ఉంటుంది. వేదిక మీది వెలుగు దాని మీద పడినా ఎవరి కంటికీ తగలదు. పెళ్లిళ్లకు కట్టే బరువైన జరీ పట్టుచీరలను మాత్రం నాటకానికి నేను సిఫారసు చేయను. అవి నిలబడి అతిథులను పలకరించడానికి ఏర్పడ్డవి. మడత కుర్చీలో మూడు గంటలు కూర్చుంటే ఆ బరువుకు నడుము లాగుతుంది, కుచ్చిళ్లు నలుగుతాయి, మనసంతా చీర మీదే ఉంటుంది. పట్టు అంచు మీద కోరిక ఉంటే గద్వాల చీర ఉంది. దాని ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. కూర్చున్నచోట నూలు హాయి, కనిపించేచోట పట్టు కళ. ఇంత తెలివైన అమరిక చేసిన నేతగాళ్లకు నమస్కరించాలి.

రంగు ఎంచుకునేటప్పుడు పగటి వెలుగులో చూసి నిర్ణయించకండి. నాటకానికి వెళ్లేది రాత్రి, వరండాలో ఉండేవి ఎక్కువగా పసుపు వెలుగు దీపాలు. పగలు ముచ్చటగా ఉన్న లేత నీలం ఆ దీపాల కింద బూడిద రంగులా వెలిసిపోతుంది. ముదురు ఎరుపు, మామిడిపండు పసుపు, ఆకుపచ్చ నిలబడతాయి. బట్టను ఇంట్లో సాయంత్రం దీపం కింద ఒకసారి పరిచి చూస్తే చాలు.

మగవాళ్ల బట్టల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, అందుకే చాలామంది ఆఫీసు చొక్కా ప్యాంటుతోనే వచ్చేస్తారు. అందులో తప్పు లేదు కానీ, బిగుతైన ప్యాంటు, దాని మీద బెల్టు పెట్టుకుని గంటల తరబడి కూర్చోవడం కడుపుకూ మోకాళ్లకూ మంచిది కాదు. వదులు లాల్చీ, పైజామా లేదా చేనేత చొక్కా, వదులైన ప్యాంటు వేసుకుంటే ఒంటికి గాలి ఆడుతుంది. పద్యనాటకం చూడబోయే పెద్దలు పంచెలో వస్తే ఆ హాలుకే నిండుదనం వస్తుంది, కుర్రవాళ్లు కూడా ప్రయత్నించాలని నా కోరిక. పంచె జారుతుందని భయపడేవాళ్లు కింద పొట్టి నిక్కరు, నడుముకు గుడ్డ పట్టీ వేసుకుంటే ఇబ్బంది లేదు. మన ప్రాంతంలో షేర్వాణీకి కూడా పాత పరిచయం ఉంది. చలికాలంలో, కాలరు మరీ బిగుతుగా లేకుండా కుట్టించుకుంటే అది హుందాగా ఉంటుంది. జేబులో ఒక దస్తీ మరచిపోవద్దు. దగ్గు వచ్చినప్పుడు నోటికి అడ్డం పెట్టుకోవడానికైనా, చివరి రంగంలో కన్నీళ్లు తుడుచుకోవడానికైనా అదే అక్కరకు వస్తుంది.

చెప్పులు. చీకట్లో వరుసల మధ్య నడవాలి, బాల్కనీ మెట్లు దిగాలి. రామప్ప గుడిలోని స్త్రీ శిల్పాలైన మదనికల్లో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులను పోలినవి ఉన్నాయని గైడ్లు సందర్శకులకు చూపిస్తుంటారు, కాబట్టి మడమ చెప్పుల ముచ్చట మనకు కొత్తది కాదు. అయినా నాటకశాలకు మెత్తటి అడుగున్న, చప్పుడు చేయని, వెనక పట్టీ ఉన్న చెప్పులే క్షేమం. చీర కుచ్చిళ్లు నేలకు రెండు వేళ్లు పైకి ఉండేలా కట్టుకుంటే మెట్ల మీద కాలు తట్టదు.

కాజీపేట నుంచో, వరంగల్ నుంచో బండి మీద వచ్చేవాళ్లు ఎక్కువ. కొంగు, చున్నీ వెనక చక్రంలో చిక్కుకుని జరిగే ప్రమాదాలు ఎంత ఘోరంగా ఉంటాయో మీకు తెలుసు. కొంగును నడుములో దోపుకుని, చున్నీని మడిచి సంచీలో పెట్టుకుని, హాలుకు వచ్చాకే వేసుకోవాలి. బండికి చీర గార్డు తప్పనిసరిగా ఉండాలి. హెల్మెట్ పెట్టుకుంటే జుట్టు చెదురుతుందని పెట్టుకోకుండా రావద్దు. సంచీలో చిన్న దువ్వెన ఉంటే ఆ సమస్య తీరిపోతుంది.

ఆరుబయట ప్రదర్శనల సంగతి. నటరాజ రామకృష్ణ గారు రామప్ప శిల్పాలను, పదమూడో శతాబ్దపు జాయప సేనాని రాసిన నృత్య గ్రంథం నృత్తరత్నావళిని ఆధారం చేసుకుని పేరిణిని మళ్లీ నిలబెట్టారు. ఆ నృత్యాన్ని గుడి ఆవరణలో చూడటం హాలులో చూడటం లాంటిది కాదు. అక్కడ చెప్పులు విప్పాలి, రాతి మీదో జంపఖానా మీదో కూర్చోవాలి. వేసవిలో రాయి పగలంతా తాగిన వేడిని రాత్రి ఎనిమిదింటికి కూడా వదులుతూనే ఉంటుంది. పల్చటి బట్టతో నేరుగా దాని మీద కూర్చోవద్దు. మన కొత్తవాడలో నేసే జంపఖానా, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ డర్రీ, చిన్నది ఒకటి మడిచి వెంట తెచ్చుకుంటే ఆ సాయంత్రానికి అంతకంటే మంచి తోడు లేదు. బాసింపట్టు వేసుకుని కూర్చోవడానికి జీన్సు, బిగుతైన లెగ్గింగు పనికిరావు. వదులు సల్వారు, పంచె, నూలు చీర హాయిగా ఉంటాయి. దోమలకు పొడుగు చేతులు, ముదురు రంగుల కంటే లేత రంగులు మేలు. చలికాలమైతే తలమీద మంచు పడుతుంది, చెవులు కప్పుకోవడానికి మఫ్లరో శాలువానో ఉండాలి. హాలులో నేను వద్దన్న గజ్జెల పట్టీలు, గంజి చీర ఇక్కడ ఎవరికీ అడ్డం రావు. డప్పులు, మద్దెలలు మోగే చోట ఒక పట్టీ చప్పుడు ఎవరికి వినిపిస్తుంది?

పిల్లలను తీసుకువచ్చేవాళ్లు వాళ్లకు మెడ దగ్గర గుచ్చుకునే వలగుడ్డ గౌనులు, గట్టి జరీ పరికిణీలు వేయకండి. పిల్ల గోక్కుంటూ ఏడిస్తే తల్లి నాటకం మధ్యలో లేచి వెళ్లిపోవలసి వస్తుంది, ఆ తల్లికి ఆ సాయంత్రం మళ్లీ రాదు. మెత్తటి నూలు గౌను, ఒక స్వెట్టరు, నిద్ర వస్తే కప్పడానికి అమ్మ చున్నీ ఉంటే పిల్ల చివరిదాకా ఒడిలోనే ఉంటుంది.

ఆ బల్ల మీద గొల్లభామ చీర ఒకటి, రెండు ఇక్కత్ కండువాలు, టస్సర్ ముక్క ఒకటి పెట్టాను. చేత్తో నలిపి చప్పుడు వినండి, దీపం కింద పట్టి రంగు చూడండి. కండువా భుజాన వేసుకుని ఈ కుర్చీల్లోనే ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని చూడండి. ఆ తర్వాత మీ ప్రశ్నలకు జవాబు చెబుతాను.